జపాన్‌లో ఉండి యుద్ధకళ నేర్చుకోవడం: నివాస హోదాను బట్టే శిక్షణ

కరాటే, జూడో, ఐకిడో, కెండో (జపాన్ కత్తిసాము) వంటి కళలను కొన్నేళ్ళు సాధన చేసినవారిలో చాలామందికి, ఒక్కసారైనా జపాన్ వెళ్ళి అక్కడి డోజోలో (సాధనశాలలో) కొన్ని నెలలో ఒక ఏడాదో గడపాలన్న కోరిక ఉంటుంది. భారతదేశంలో నివసించే భారతీయులకు 2024 ఏప్రిల్ నుంచి జపాన్ పర్యాటక ఈ-వీసా అందుబాటులోకి వచ్చింది. దానితో పాటే పాత సందేహాలూ కొత్తగా ముందుకొచ్చాయి. పర్యాటక వీసా మీద డోజోలో చేరవచ్చా? అక్కడికి వెళ్ళాక గడువు పెంచుకోవచ్చా? ఖర్చులకు ఏదైనా పని చేసుకోవచ్చా? వీటికి వచ్చే జవాబులు ఒకదానితో ఒకటి పొసగవు. వెళ్ళివచ్చినవారు అబద్ధం చెబుతున్నారని కాదు; ఒకరు విద్యార్థిగా, మరొకరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగిగా, ఇంకొకరు ఆస్ట్రేలియా పౌరుడిగా వెళ్ళి ఉంటారు. ఎవరి అనుభవం వారి నివాస హోదాకే, అంటే ఏ పని మీద ఉండనిచ్చారన్నదానికే, వర్తిస్తుంది.

ఈ హోదా సంగతి కేవలం కాగితాల వ్యవహారమని, శిక్షణ వేరే విషయమని అనుకోవడం దగ్గరే చిక్కు మొదలవుతుంది. రోజులో ఏ గంటలు ఖాళీగా ఉంటాయో, చేతిలో డబ్బు ఎంత ఉంటుందో, గాయమైతే ఎవరు చెల్లిస్తారో అన్నీ ఆ హోదాయే తేలుస్తుంది. కాబట్టి ఎలాంటి శిక్షణ దొరుకుతుందన్నది కూడా చాలావరకు అక్కడే నిర్ణయమైపోతుంది.

వీసా, నివాస హోదా, అర్హతా ధ్రువపత్రం: మూడూ వేర్వేరు

వీసా అంటే విదేశంలోని జపాన్ రాయబార కార్యాలయం లేదా కాన్సులేట్, ఫలానా వ్యక్తి ప్రవేశానికి తమకు అభ్యంతరం లేదని తెలిపే పత్రం. ఇది విదేశాంగ శాఖ పరిధిలోనిది. విమానాశ్రయంలో ప్రవేశానుమతి ఇచ్చేది మాత్రం న్యాయశాఖ కింద పనిచేసే ఇమిగ్రేషన్ సంస్థ. ఆ అనుమతి ఇచ్చేటప్పుడే, ఆ వ్యక్తి దేశంలో ఏం చేయవచ్చో, ఎంతకాలం ఉండవచ్చో తెలిపే నివాస హోదాను ఖాయం చేస్తుంది. లోపలికి వెళ్ళాక రోజువారీ జీవితాన్ని నడిపేది వీసా కాదు, ఈ హోదాయే.

మూడోది నివాస అర్హతా ధ్రువపత్రం. మూడు నెలలకు మించి ఉండదలచినవారి కోసం, జపాన్‌లో వారిని పిలుస్తున్న సంస్థో గురువో అక్కడి ప్రాంతీయ ఇమిగ్రేషన్ కార్యాలయంలో ముందుగా దరఖాస్తు చేసి దీన్ని తెప్పించుకుంటారు. సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. వచ్చిన పత్రాన్ని చూపి మనం ఇక్కడ వీసా తీసుకుంటాం. జారీ అయిన మూడు నెలల్లోపు జపాన్‌లో అడుగుపెట్టాలి. మన తరఫున అక్కడ కాళ్ళరిగేలా తిరిగే మనిషి ఒకరు లేకపోతే ఈ పని ముందుకు సాగదు.

తొంభై రోజుల లోపు: చట్టంలోనే ఉన్న వెసులుబాటు

స్వల్పకాలిక నివాస హోదా మీద సాధన చేయడం చాటుమాటు వ్యవహారమని కొందరు భయపడతారు. ఆ అవసరం లేదు. ఈ హోదా కింద చేయదగిన పనులను చెబుతూ జపాన్ చట్టమే విహారం, విశ్రాంతి, బంధువుల పలకరింపుతో పాటు క్రీడలను, స్వల్పకాలిక శిక్షణ తరగతులలో పాల్గొనడాన్ని కూడా పేర్కొంది. షరతు ఒక్కటే: దాని మీద ఆదాయం పొందకూడదు. అయితే దరఖాస్తులో ప్రయాణ కారణాన్ని ఉన్నదున్నట్టు రాయాలి. డోజోలో ఆరు వారాలు ఉండబోతూ ఆలయాలు చూడటానికి వెళ్తున్నామని రాస్తే, విమానాశ్రయంలో సంచిలోంచి బయటపడే తెల్లని సాధన దుస్తులు ఇబ్బంది పెట్టకపోవచ్చు గానీ, మాటల్లో తేడా మాత్రం ఇబ్బంది పెట్టగలదు.

చాలామంది బోల్తా పడేది గడువు దగ్గర. ముందు పర్యాటకుడిగా వెళ్ళి, మంచి డోజో చూసుకుని, అక్కడే దీర్ఘకాలిక హోదాకు మారిపోవచ్చన్న ఆలోచన వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ స్వల్పకాలిక హోదా నుంచి మరో హోదాకు మార్చాలంటే తప్పనిసరి ప్రత్యేక పరిస్థితులు ఉండాలని చట్టం అంటుంది. అలా మారినవారు లేకపోలేదు. కాకపోతే అది మినహాయింపు. దాన్ని నమ్ముకుని ఉద్యోగానికి రాజీనామా చేయడం తెలివైన పని కాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. విజయవాడలో గోజు-ర్యూ కరాటే నేర్పే ఒకాయనకు ఏడాదిలో ఆరు వారాలు మాత్రమే వెసులుబాటు ఉందనుకుందాం. ఆ శైలి పుట్టిల్లు జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవులు. అక్కడ తొమిగుసుకు నగరంలో 2017లో ఒకినావా కరాటే కైకన్ అనే భవనం తెరిచారు. విదేశీయులకు తగిన డోజోను చూపించి మాట కలిపే సమాచార కేంద్రం కూడా అందులో ఉంది. ఇలాంటి వ్యక్తికి స్వల్పకాలిక హోదా చక్కగా సరిపోతుంది. ఏడాది పాటు ఉండే దారుల గురించి ఆయన తల బద్దలు కొట్టుకోనక్కరలేదు.

సాంస్కృతిక కార్యకలాపాల హోదా: గురువు పూచీ మీద

యుద్ధకళ కోసమే దీర్ఘకాలం ఉండదలచినవారికి సూటిగా వర్తించేది ఇదే. ఆదాయం లేని విద్యా, కళా కార్యకలాపాలకూ, జపాన్‌కే ప్రత్యేకమైన సంస్కృతిని లేదా కళను ప్రత్యేకంగా అధ్యయనం చేయడానికీ, నిపుణుల దగ్గర అభ్యసించడానికీ దీన్ని ఇస్తారు. ఇకెబానా (పూల అమరిక), తేనీటి కళలతో పాటు జూడోను కూడా దీనికి ఉదాహరణగా చెబుతుంటారు. కాలపరిమితి మూడు నెలలు, ఆరు నెలలు, ఏడాది, మూడేళ్ళు అని నాలుగు రకాలు. ఏది ఇవ్వాలన్నది అధికారుల నిర్ణయం.

అభ్యాసకుడు ఇప్పటివరకు ఏం సాధించాడో తెలిపే పత్రాలు, నేర్పబోయే గురువు అనుభవం, స్థాయి తెలిపే వివరాలు, ఏం నేర్చుకుంటారు, ఎక్కడ, ఎంతకాలం అన్న ప్రణాళిక, అక్కడ ఉన్నంతకాలం బతకడానికి సరిపోయే డబ్బు రుజువు జతచేయాలి. ఈ జాబితాను చదివితే దాని వెనుక ఉన్న తర్కం బోధపడుతుంది. ఈ హోదా సరదాగా కొత్తగా మొదలుపెట్టేవారి కోసం కాదు. వారానికి రెండు సాయంత్రాలు డోజోకు వెళ్తామని రాస్తే, మిగిలిన సమయమంతా ఏం చేస్తారన్న ప్రశ్న అధికారికి రావడం సహజం. గురువు కూడా, తాను బాగా ఎరగని మనిషి కోసం తన పేరు, విలాసం, అనుభవం ప్రభుత్వానికి రాసిచ్చి పూచీ పడాలి. అందుకే ఈ దారిలో వెళ్ళినవారిలో ఎక్కువమంది అంతకుముందు ఒకటి రెండుసార్లు స్వల్పకాలం వెళ్ళి ఆ డోజోలో చెమటోడ్చినవారే అయి ఉంటారు.

ఇందులో జీతం ఉండదు. వేరే పని చేయాలంటే విడిగా అనుమతి అడగాలి. దాన్ని ఒక్కొక్కరి పరిస్థితిని బట్టి పరిశీలిస్తారు. కాబట్టి మొత్తం ఖర్చు ముందే చేతిలో ఉందనుకుని లెక్క వేసుకోవడమే క్షేమం. టోక్యోలో ఒంటరిగా ఉండే మనిషికి నెలకు గది అద్దె 60,000 యెన్‌లు, తిండికి 40,000, డోజో రుసుము 12,000, రైలు, ఫోను, చిల్లర ఖర్చులకు 18,000 అనుకుంటే 1,30,000 యెన్‌లు అవుతుంది. ఏడాదికి 15,60,000. యెన్‌కు 60 పైసల చొప్పున చూస్తే సుమారు 9,36,000 రూపాయలు. విమానం టికెట్టు, చేరిక రుసుము, గదికి ముందుగా కట్టే సొమ్ము ఇందులో లేవు. ఈ అంకెలు లెక్క ఎలా కట్టాలో చూపడానికే. ఊరు మారితే, ముఖ్యంగా పల్లెటూరి డోజో అయితే, అద్దె బాగా తగ్గుతుంది.

భాషా పాఠశాల దారి, 28 గంటల లెక్క

గురువు పూచీ దొరకనివారు ఎక్కువగా ఎంచుకునేది విద్యార్థి హోదా. జపనీస్ భాషా పాఠశాలలో చేరి, మిగిలిన సమయంలో సాధన చేస్తారు. పాఠశాలే అర్హతా ధ్రువపత్రం సంగతి చూసుకుంటుంది. అనుమతి తీసుకుంటే వారానికి 28 గంటల వరకు పని చేయవచ్చు. పైకి చూస్తే అన్నీ కలిసొచ్చినట్టే కనిపిస్తుంది.

గంటలు లెక్కపెడితే బొమ్మ మారుతుంది. వారానికి 45 నిమిషాల తరగతులు 20 అంటే 15 గంటలు. పని 28 గంటలు. రెండూ కలిపి 43. ఇంటి దగ్గర భాష చదువు, ప్రయాణాలు వీటికి అదనం. 2025 అక్టోబరు నుంచి టోక్యోలో కనీస వేతనం గంటకు 1,226 యెన్‌లు. 28 గంటలకు 34,328, నాలుగు వారాలకు 1,37,312. పైన చెప్పుకున్న 1,30,000 ఖర్చు దీనితో గట్టెక్కుతుంది గానీ, పాఠశాల రుసుము మిగిలిపోతుంది. అది ఏడాదికి 8 లక్షల యెన్‌లనుకుంటే నెలకు దాదాపు 66,700. అంటే ప్రతి నెలా 59,000 పైచిలుకు ఇంటి నుంచి రావాల్సిందే. రాత్రి హోటల్లో గిన్నెలు కడిగి, ఉదయం పాఠశాలకు వెళ్ళాల్సిన మనిషి ఐకిడో ప్రధాన డోజోలో పొద్దున ఆరున్నరకు మొదలయ్యే మొదటి తరగతికి వారంలో ఎన్నిసార్లు చేరగలడన్నదే అసలు ప్రశ్న.

ఈ దారిని సమర్థించేవారి మాటలోనూ బలం ఉంది. భాష రాకుండా డోజోలో ఏడాది గడిపినవాడు గురువు శరీరాన్ని చూసి అనుకరిస్తాడే తప్ప, ఆయన ఒక వాక్యంలో చెప్పిన సవరణను అందుకోలేడు. భాష నేర్చుకున్న రెండో ఏడాదిలోనే శిక్షణ నిజంగా మొదలైందని వారంటారు. అయితే ఈ హోదాకు ప్రధాన కారణం చదువేనన్నది మరవకూడదు. డోజో కోసం తరగతులు ఎగ్గొట్టి హాజరు పడిపోతే, గడువు పొడిగింపు దగ్గర అది అడ్డొస్తుంది.

చదువూ సాధనా ఒకటే అయ్యే చోట్లు కొన్ని ఉన్నాయి. చిబా జిల్లాలోని కత్సువురలో 1984లో స్థాపించిన అంతర్జాతీయ బుడో (జపాన్ యుద్ధకళల) విశ్వవిద్యాలయం, బుడో ప్రత్యేక కోర్సు ఒకటి నడుపుతుంది. యోషిన్‌కన్ అనే ఐకిడో శాఖలో టోక్యో పోలీసుల అల్లర్ల నిరోధక దళానికి ఇచ్చే శిక్షణ నమూనాలో 11 నెలల సెన్షుసెయ్ కోర్సు ఉంది. 1990లలో దాన్ని విదేశీయులకూ తెరిచారు. అది వారమంతా పూర్తికాలం చేసే సాధన. మోకాళ్ళ మీద నడిపించే గంటలకు అది పేరు మోసింది.

ఉద్యోగస్తులు, వర్కింగ్ హాలిడే

టోక్యోలో ఉద్యోగం చేసే తెలుగువారికి పైన చెప్పిన బెడద ఏదీ లేదు. ఏ హోదాలో ఉన్నా సాయంత్రం డోజోకు వెళ్ళడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. జూడో ప్రధాన కేంద్రమైన కొడోకన్‌లో పెద్దల సాధన సాయంత్రాలే జరుగుతుంది. దీర్ఘకాలం నిలిచి, నెమ్మదిగా ఎదిగి, డోజోలో ఒకరిగా కలిసిపోయినవారు ఈ కోవలో తరచు కనిపిస్తారు. అలాంటివారిని సాధన కోసం వచ్చినవారిగా ఎవరూ లెక్కించరు, అంతే.

వర్కింగ్ హాలిడే అనే ఏర్పాటు కింద యువకులు ఏడాది పాటు ఉండి, ఖర్చులకు పని చేసుకోవచ్చు. 1980లో ఆస్ట్రేలియాతో మొదలైన ఈ ఒప్పందాల జాబితాలో భారత్ లేదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడా, బ్రిటన్ పౌరసత్వం ఉన్న తెలుగు కుటుంబాల పిల్లలకు మాత్రం, వయసు సాధారణంగా 18 నుంచి 30 లోపు ఉంటే, ఇది అన్నిటికంటే సులువైన దారి.

డోజో వైపు నుంచి చూస్తే

ఇమిగ్రేషన్ తలుపు తెరిచినంత మాత్రాన డోజో తలుపు తెరుచుకోదు. ఈ విషయంలో డోజోలన్నీ ఒక తీరున ఉండవు. టోక్యోలోని కొడోకన్, షింజుకులోని ఐకికై అనే ఐకిడో సంస్థ ప్రధాన డోజో వంటి పెద్ద కేంద్రాలలో చేరిక రుసుము, నెలవారీ రుసుము కట్టి విదేశీయులు చేరవచ్చు. జూడో స్థాపకుడు జిగొరో కనో 1882లో స్థాపించిన కొడోకన్‌లో బయటి నుంచి వచ్చినవారికి బస కూడా ఉంది. ఇక్కడ దొరికే గొప్ప లాభం తోటి సాధకులు. ఒకే సాయంత్రం నలుగురైదుగురు తమకంటే మెరుగైనవారితో తలపడే అవకాశం మన ఊళ్ళలో దొరకదు. నష్టమేమిటంటే, కిక్కిరిసిన తరగతిలో వచ్చే పోయే అతిథులలో ఒకరిగా మిగిలిపోవచ్చు. మీ తప్పు ఏమిటో ఎవరూ చెప్పకపోవచ్చు.

చిన్న డోజోలో ఇది తలకిందులవుతుంది. పరిచయ లేఖ లేనిదే చేరడం కష్టం. చేరాక మాత్రం ఎవరూ కనిపెట్టకుండా దాక్కునే చోటుండదు. ఇక కొర్యూ అని పిలిచే ప్రాచీన యుద్ధకళా సంప్రదాయాల సంగతి వేరు. చిబా జిల్లాలోని తెన్‌షిన్ షోదెన్ కతోరి షింతో-ర్యూలో చేరేవారు రక్తంతో ముద్ర వేసి ప్రతిజ్ఞ చేస్తారు. ఆరు నెలల్లో తిరిగి వెళ్ళిపోయే మనిషికి అలాంటి చోట ఇవ్వగలిగింది బహు తక్కువ. ఆ మాట గురువులు మొహమాటం లేకుండానే చెబుతారు.

అందరినీ ఆకర్షించేది, అందరూ పొరబడేది ఉచి-దేషి పద్ధతి. గురువు ఇంట్లో గానీ డోజోలో గానీ ఉంటూ, ఊడ్చి తుడిచి, వంటలో సాయపడి, రోజుకు రెండు మూడు పూటలు సాధన చేయడం. గురువు ఇంట ఉండి సంగీతం నేర్చుకున్న మన పాతతరం శిష్యులకు ఇది కొత్తగా తోచదు. ఐకిడో స్థాపకుడు మొరిహెయ్ ఉయెషిబా గడిపిన ఇబరకి జిల్లాలోని ఇవామ, ఈ తరహా శిష్యరికానికి విదేశీయుల్లో బాగా పేరుపొందింది. గది దొరుకుతుంది, సాధన దొరుకుతుంది, ఖర్చు తగ్గుతుంది. కానీ ఉచి-దేషి అన్నది చట్టంలో ఉన్న హోదా కాదు. స్వల్పకాలిక హోదా మీదో, సాంస్కృతిక హోదా మీదో ఉన్న మనిషే ఆ పద్ధతిలో జీవిస్తాడు. సాధన చేసే చోటును తుడవడం శిక్షణలో భాగమే. అదే గురువు కోరాడని పిల్లల తరగతులు చెప్పి డబ్బు పుచ్చుకుంటే, లేదా గదికి బదులుగా ఆయన దుకాణంలో పనిచేస్తే, అది అనుమతి కావాల్సిన ఉపాధి కిందికి రావచ్చు. ఈ గీత ఎక్కడుందో వెళ్ళకముందే ఉత్తరాల్లో తేల్చుకోవడం గురువుకు అవమానమేమీ కాదు.

ఉమ్మడి వంట గురించి ఒక మాట: కూరగాయల పులుసులా కనిపించేదానిలోనూ ఎండబెట్టిన బొనితో చేప తురుముతో కాచిన రసం ఉంటుంది. పూర్తి శాకాహారులు ముందే చెప్పుకోవాలి.

ఉచి-దేషి పద్ధతిపై రెండు అభిప్రాయాలున్నాయి. కఠిన క్రమశిక్షణ లేనిదే కళ ఒంటబట్టదని, సుఖంగా నేర్చుకునేదైతే జపాన్ దాకా రానక్కరలేదని కొందరు గురువులు, వారి శిష్యులు గట్టిగా నమ్ముతారు. మరోవైపు, క్రమశిక్షణ పేరిట హింస సాగిందన్న విమర్శ బయటివారిది మాత్రమే కాదు. జపాన్ మహిళా జూడో జట్టుకు చెందిన 15 మంది క్రీడాకారిణులు శిక్షకుల దౌర్జన్యంపై ఫిర్యాదు చేయడంతో 2013లో ప్రధాన శిక్షకుడు తప్పుకోవాల్సి వచ్చింది. 2022లో అఖిల జపాన్ జూడో సమాఖ్య, ప్రాథమిక పాఠశాల పిల్లల జాతీయ వ్యక్తిగత పోటీలనే రద్దు చేసింది; గెలుపు కోసం పిల్లలపై పెరిగిన ఒత్తిడి అందుకు కారణం. కాబట్టి దెబ్బలను సంప్రదాయమని సర్దుకుపోవాలని విదేశీ శిష్యుడికి ఎవరైనా చెబితే, ఆ మాట నేటి జపాన్ అంతటిదీ కాదు.

మోకాలు తిరిగితే ఎవరు చెల్లిస్తారు

మూడు నెలలకు మించిన హోదాతో వచ్చినవారికి నివాస కార్డు ఇస్తారు. నివాసం కుదిరిన 14 రోజుల్లో స్థానిక పురపాలక కార్యాలయంలో విలాసం నమోదు చేయించాలి. అప్పుడే జాతీయ ఆరోగ్య బీమాలో చేరాలి. ఆ బీమా ఉన్నవారు వైద్యం ఖర్చులో సాధారణంగా 30 శాతం కడితే చాలు. లక్ష యెన్‌ల చికిత్సకు 30,000. స్వల్పకాలిక హోదాలో ఉన్నవారికి ఈ బీమా వర్తించదు. లక్షకు లక్షా వారే భరించాలి. ప్రయాణ బీమా తీసుకున్నామని నిశ్చింతగా ఉండేవారు, తలపడే క్రీడల గాయాలను ఆ పాలసీ మినహాయించిందేమో చదివి చూసుకోవాలి. చాలా పాలసీల్లో మెలిక అక్కడే ఉంటుంది.

చాలామంది ఊహించని మరో బిల్లు పింఛనుది. 20 నుంచి 59 ఏళ్ళ వయసులో ఉండి అక్కడ నివాసం నమోదైన ప్రతివారూ జాతీయ పింఛను పథకం కిందికి వస్తారు. 2025 ఆర్థిక సంవత్సరంలో చందా నెలకు 17,510 యెన్‌లు. ఆదాయం లేనివారు మినహాయింపు అడగవచ్చు. అడగకపోతే దానంతట అది రాదు.

కత్తి పట్టేవారికి అదనపు చిక్కు

ఇయైదో, కెంజుత్సు వంటి కత్తి కళల సాధకులు తమ కత్తిని వెంట తీసుకెళ్ళడానికి ముందు ఒకటి గమనించాలి. జపాన్‌లో పదునైన ఉక్కు కత్తికి అనుమతి దొరకాలంటే అది సంప్రదాయ పద్ధతిలో తయారై, నమోదై ఉండాలి. బయటి దేశాల కర్మాగారాల్లో చేసిన ఉక్కు కత్తులకు ఆ అవకాశం లేదు. అక్కడ సాధనకు వాడే ఇయైతో కత్తులు ఇనుము కాని మిశ్రలోహంతో చేసినవి. ఇక్కడ కొన్నదాన్ని మోసుకెళ్ళేకంటే అక్కడ కొనుక్కోవడం మేలు.

అసలు వెళ్ళాల్సిందేనా

వెళ్ళాల్సిందేనన్నవారు చెప్పే ప్రధాన కారణం సాధకుల సాంద్రత. 2012 నుంచి మాధ్యమిక పాఠశాలల్లో బుడో తప్పనిసరి పాఠ్యాంశమైన దేశమది. పోలీసు శాఖలో, విశ్వవిద్యాలయాల్లో, ఊరి వ్యాయామశాలల్లో యాభై అరవై ఏళ్ళుగా సాధన చేస్తున్నవారు మామూలుగా తారసపడతారు. అమెరికా నుంచి వెళ్ళి కతోరి షింతో-ర్యూలో చేరిన తొలి విదేశీయుడు డాన్ డ్రేగర్ ఆ సంప్రదాయాలను చదివి అర్థం చేసుకోలేదు; జపాన్‌లో ఏళ్ళ తరబడి ఉండి చేసి తెలుసుకున్నాడు.

అవసరం లేదన్నవారూ చరిత్రనే చూపిస్తారు. 1961లో పారిస్‌లో జపాన్‌వారిని కాదని ప్రపంచ జూడో విజేతగా నిలిచి, 1964 టోక్యో ఒలింపిక్స్‌లో అకియో కమినగను ఓడించిన ఆంటన్ హేసింక్ డచ్ దేశస్థుడు. ఐరోపాలో పెరిగిన సాధకుడు. గురువే ఇక్కడికి వచ్చిన ఉదాహరణ మనకే ఉంది: రవీంద్రనాథ్ ఠాగూర్ ఆహ్వానంపై షింజో తకగాకి 1929లో శాంతినికేతన్ వచ్చి జూడో నేర్పారు. నేడు మంచి గురువులు అన్ని దేశాల్లో ఉన్నారని, టోక్యోలో ఏడాదికయ్యే డబ్బుతో ఒక జపాన్ గురువును పిలిపించి పాతికమందికి శిబిరం పెట్టవచ్చని వీరి వాదన. అయితే హేసింక్ కూడా జపాన్ వెళ్ళి తెన్రిలో సాధన చేసినవాడే. కాబట్టి ఆయన పేరు రెండు పక్షాలకూ పనికొస్తుంది. నా దృష్టిలో ఇక్కడ తొలి పదేళ్ళ పునాది పడినవారికే అక్కడి ఏడాది ఎక్కువ ఫలితమిస్తుంది. పునాది లేనివారు ఆ ఏడాదిలో నేర్చుకునేది ఇక్కడ కూడా నేర్చుకోగలిగినదే, పదింతలు ఖర్చుతో.

ఒక విషయంలో మాత్రం జపాన్‌లో ఉండటం ఎవరికీ దగ్గరి దారి కాదు. కెండోలో మొదటి డాన్ (నైపుణ్య శ్రేణి) నుంచి రెండో డాన్ పరీక్షకు ఏడాది, మూడోదానికి మరో రెండేళ్ళు, నాలుగోదానికి మూడు, ఐదోదానికి నాలుగు, ఆరోదానికి ఐదు, ఏడోదానికి ఆరేళ్ళు సాధన గడవాలి. ఎనిమిదోదానికి మరో పదేళ్ళు గడిచి, వయసు 46 నిండి ఉండాలి. కలిపితే కనీసం 31 ఏళ్ళు; ఆ చివరి పరీక్షలో నెగ్గేవారు నూటికి ఒకరు. మొదటి డాన్‌తో వెళ్ళి రోజుకు మూడు పూటలు సాధన చేసి ఏడాదికి తిరిగొచ్చినవారు అడగగలిగేది రెండో డాన్ పరీక్షే, హైదరాబాదులో వారానికి మూడు రోజులు సాధన చేసినవారిలాగే.